పారిజాతం మీద కత్తెర ఎప్పుడు?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంటి ముందు మెట్లకీ ప్రహరీ గోడకీ మధ్య ఏడడుగుల జాగాలో మూడేళ్ల కిందట పారిజాతం నాటాం. నడుమెత్తున గుబురుగా పొదలా ఉండాలని నా కోరిక. అది మాత్రం కర్రలా నిటారుగా లేచి గోడ దాటిపోయింది. పూలన్నీ చిటారుకొమ్మన పూసి పక్కింటి గచ్చు మీద రాలుతున్నాయి. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఆకులు పండి రాలిపోతున్నాయి. చెట్టు చచ్చిపోతోందని పనమ్మాయి అంటోంది. నరికేసి పొట్టి రకం నాటుదామని మావారు, దేవతావృక్షం మీద కత్తి పెట్టకూడదని మా అత్తగారు. ఆన్‌లైన్‌లో 'పొట్టి పారిజాతం' అని అమ్ముతున్నారు, తెప్పించుకోవచ్చా? సునాబేడలో ఉండే మా చెల్లెలు కూడా కుండీలో పెంచుకుంటానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపురం

సమాధానం:

అమ్మా, మీ ఇంట్లో ముగ్గురూ మూడు మాటలంటున్నారు. పనమ్మాయి మాట తప్పు. మీవారి మాట సగం ఒప్పు. అత్తగారి మాటలో కాదనవలసింది ఏమీ లేదు, ఆవిడ భయాన్ని తీర్చితే చాలు. మీ ఉత్తరం మాఘమాసంలో రావడం మాత్రం మంచిదైంది. ఇదే ఉత్తరం దసరాకు వచ్చి ఉంటే 'ఏమీ చేయకండి, ఆగండి' అని రెండు ముక్కల్లో ముగించేవాణ్ని.

ముందు చెట్టు బతికే ఉందని మీ కళ్లతో మీరే చూసుకోండి. పెన్సిలంత లావున్న కొమ్మ ఒకటి పట్టుకుని బొటనవేలి గోటితో పైతొక్కను సన్నగా గీకండి. బూడిదరంగు పొర లేచిపోయి దాని కింద తడితడిగా లేత ఆకుపచ్చ కనిపిస్తే కొమ్మలో ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా, పెళుసుగా ఉంటే అక్కడిదాకా ఎండిందన్నమాట. అప్పుడు జానెడు కిందికి వచ్చి మళ్లీ గీకండి. చివరలు కాస్త ఎండి ఉండవచ్చు గానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మొదలుకు ఢోకా లేదు.

పారిజాతం ఆకు రాల్చే జాతి. హిమాలయాల పాదాల దగ్గర నుంచి మధ్య భారతం మీదుగా గోదావరి దాకా ఎండు అడవుల్లో, రాతి గుట్టల మీద తనంత తాను పెరిగే మొక్క ఇది. నీళ్లు దొరకని నెలల్లో ఆకులు మోయడం దండగని వాటిని వదిలించుకుని మోడులా నిలబడుతుంది. వేసవి వానలు పలకరిస్తే చిగురేస్తుంది. పెరట్లో నీళ్లు పోస్తుంటే కొన్ని ఆకులు నిలుస్తాయి, కొన్ని ఏళ్లు పూర్తిగా రాలనే రాలవు. అది నేల తడిని బట్టి ఉంటుంది. మోడును చూసి జాలిపడి రోజూ బకెట్లతో నీళ్లు పోయడమే అసలు ప్రమాదం. ఆకు లేని చెట్టు తాగే నీరు చాలా తక్కువ. మొదట్లో నిలిచిన నీటికి వేరు కుళ్లుతుంది, వేసవి చివర చిగురు రాదు, ఎండకు చచ్చిపోయిందని మనం అనుకుంటాం. పది రోజులకోసారి నేల లోతుగా నానేటట్టు ఒక్కసారి పోసి ఊరుకోండి.

ఇక ఎత్తు సంగతి. వదిలేస్తే పారిజాతం ఇరవై, ముప్ఫై అడుగులు కూడా పోతుంది. అయినా దాని స్వభావం పెద్ద పొదదే. మొదట్లో కోస్తే ఆ మోడు నుంచే నాలుగైదు రెమ్మలు లేస్తాయి. అడవిలో కట్టెలకు కొట్టినా మళ్లీ మళ్లీ గుబురుగా లేచేది అందుకే. మీ చెట్టు కర్రలా పెరగడానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు దాని తల ఎవరూ తుంచలేదు. రెండోది, ఒకవైపు మెట్లు, మరోవైపు గోడ, మధ్యలో ఇరుకు. ఎండ పైనుంచే వస్తోంది కాబట్టి అది ఎండను వెతుక్కుంటూ పైకే పోయింది. ఎండ తగిలిన చోటే పూసింది, పూలు పక్కింటివాళ్లకు దక్కాయి. సత్యభామ పెరట్లో చెట్టు, రుక్మిణి వాకిట్లో పూలు! కథలో కృష్ణుడికి అది సరదాగా ఉందేమో, నీళ్లు పోసేవాళ్లకు ఉండదు.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఆలస్యంగా పూసే పొదను కొట్టడానికి భయపడనక్కరలేదు. మామిడికి ఈ నెలలో కొమ్మలు కొడితే ఆ ఏటి కాపు పోయినట్టే, ఎందుకంటే పూత ఇప్పటికే కొమ్మ చివర కూర్చుని ఉంటుంది. పారిజాతం అలా కాదు. ఈ ఏడు చిగురించిన కొమ్మ, వానల్లో పొడవు సాగి, ముదిరి, శ్రావణ భాద్రపదాల నుంచి తన చివర్లలోనూ ఆకుల మొదళ్లలోనూ మొగ్గ తొడుగుతుంది. శీతాకాలం చివర మీరు పాత కొమ్మను తీసేస్తే, కొత్త కొమ్మ తయారు కావడానికి దానికి ఆరు నెలలు చేతిలో ఉంటాయి. ఆ ఆరు నెలలను వాడుకోవడమే మన పనితనం.

అత్తగారికి చెప్పవలసిన మాట కూడా ఇదే. కోట దగ్గర తులసిని పూజకని రోజూ తుంచుతూనే ఉంటాం, తుంచినకొద్దీ అది గుబురవుతుంది. తుంచని తులసి వెన్ను వేసి, గింజ కట్టి ఎండిపోతుంది. ఇదీ అంతే. గొడ్డలి మొదట్లో పెట్టడం వేరు, పూల కోసం కొమ్మ దిద్దడం వేరు. ఆవిడకు మనసు ఒప్పకపోతే మంచిరోజు చూసి, ఒక దీపం పెట్టి, మొదటి కొమ్మ ఆవిడ చేతనే కోయించండి. ఈ సలహా చెట్టు కోసం కాదు, ఇంట్లో శాంతి కోసం.

ముహూర్తం నేను చెబుతాను: శివరాత్రి వెళ్లాక, ఉగాది లోపు. అప్పటికి చలి తగ్గుతుంది, కాయలు ఎండుతాయి, కొత్త చిగురు ఇంకా కదలదు. ఎండిన కాయలు మీ చెట్టు మీద ఇప్పుడు ఉండే ఉంటాయి, చూడండి. గుండ్రంగా, బల్లపరుపుగా, పాత రూపాయి బిళ్లంత గోధుమరంగు బిళ్లలు. నొక్కితే రెండుగా విడిపోతాయి, ఒక్కో సగంలో ఒక్కో గింజ. వాటిని చెట్టు మీదే ఉంచడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

కోసేముందు ఒక చిన్న కొమ్మను వేళ్ల మధ్య దొర్లించండి. గుండ్రంగా దొర్లదు, పలకలుగా తగులుతుంది. పారిజాతం లేత కొమ్మ నాలుగు పలకల కొమ్మ. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, ఆకు రాలిన చోట రెండువైపులా చిన్న మచ్చ, ఆ మచ్చ మీద ఆవగింజంత కన్ను ఉంటాయి. ఆ జంట కళ్లకు అంగుళంలో పావు వంతు పైన కోస్తే ఒక్క కొమ్మ స్థానంలో రెండు వస్తాయి. గుబురుతనం రహస్యమంతా అక్కడే ఉంది. రెండు జతల మధ్య ఎక్కడపడితే అక్కడ కోస్తే ఆ మిగులు ముక్క ఎండి, అందులోంచి కుళ్లు కిందికి దిగుతుంది.

మీది మూడేళ్ల ఒంటి కాండం కాబట్టి ఈసారికి కాస్త గట్టిగానే కోయాలి. నేల నుంచి రెండడుగుల ఎత్తులో, ఆరోగ్యంగా ఉన్న ఒక కణుపు పైన, ఏటవాలుగా కోసేయండి. బొటనవేలి లావు దాటితే కొమ్మ కత్తెర నలుపుతుంది, చిన్న రంపం వాడండి. పనిముట్టును ముందుగా స్పిరిట్‌తో తుడవండి. కోత లావుగా ఉంటే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయవచ్చు, లేకపోతే పొడి వాతావరణంలో దానంతట అదే మానుతుంది. కోసిన రోజు ఇంటిల్లిపాదీ మిమ్మల్ని దోషిలా చూస్తారు. నెల, నెలన్నర ఓర్చుకోండి. మోడు చుట్టూ చిగుళ్లు పొడుచుకొస్తాయి. వాటిలో బయటివైపు చూసేవి నాలుగో అయిదో ఉంచి, లోపలికి తిరిగినవీ ఒకదాన్నొకటి రాసుకునేవీ చేత్తోనే తుంచేయండి.

ఉంచిన రెమ్మలు జానెడు పొడవు కాగానే తలలు గిల్లండి. మళ్లీ రెండేసి వస్తాయి. అవి జానెడైతే మరోసారి. నేల తవ్వి ఎరువు పెట్టే పని రజ పండుగకు ముందే ముగించుకోండి. ఆ మూడు రోజులూ భూమాతకు విశ్రాంతి అని మీ ఒడియా ఇరుగుపొరుగు గునపం ముట్టరు, మీరు తవ్వితే బాగుండదు. జూన్ నడుమ వచ్చే ఆ పండుగ వానలకు ముందు సరైన గడువు కూడా. ఆఖరి గిల్లుడు రథయాత్ర నాటికి. తేరు కదిలిందంటే కత్తెర అటక మీద పెట్టేయండి.

ఈ గడువు విషయంలో నేను మొండివాణ్నే. ఎందుకంటే చాలా ఇళ్లలో పారిజాతం పూయకపోవడానికి కారణం చీడ కాదు, దసరా. పండుగకు ఇల్లు దులుపుతారు, వాకిలికి అడ్డంగా వాలిన కొమ్మలు కనిపిస్తాయి, కత్తి తెచ్చి 'శుభ్రం' చేస్తారు. సరిగ్గా ఆ వాలిన చివర్లలోనే మొగ్గల గుత్తులు ఉంటాయి. తర్వాత కార్తీకమంతా ఒట్టి ఆకులను చూస్తూ, ఎరువు చాలలేదేమోనని యూరియా వేస్తారు. యూరియాకు ఆకు ఇంకా పెరుగుతుంది, పువ్వు ఇంకా తగ్గుతుంది. మీరు ఆ దారిన పోకండి. కొమ్మ అడ్డంగా ఉంటే తాడుతో పక్కకు కట్టండి, కోయకండి.

పైగా మీ ఊళ్లో ఆ పూలకు గిరాకీ ఎక్కువ కాలం. ఒడియావారి కార్తీకం కుమార పూర్ణిమ (మన ఆశ్వయుజ పౌర్ణమి) మరునాడే మొదలవుతుంది, మనది దీపావళి అమావాస్య వెళ్లాక. వాళ్లది పౌర్ణమితో ముగిస్తే మనది మరో పదిహేను రోజులు సాగి అమావాస్య దాకా ఉంటుంది. రెండూ కలిపితే నెలన్నర. గట్టిగా కోసిన ఏడాది పూత రెండు మూడు వారాలు వెనకబడవచ్చు. అంటే ఈసారికి వాళ్ల కార్తీకం మొదట్లో కాస్త పల్చగా, మన కార్తీకానికి నిండుగా ఉండే అవకాశం ఉంది.

నడుమెత్తు ఆశ మాత్రం వదులుకోండి. రెండడుగుల మోడు మీద కొత్త కొమ్మ మూడు నాలుగు అడుగులు పెరిగితేనే పూలు బాగా వస్తాయి. అంటే పూత నాటికి మీ భుజమెత్తు నుంచి తలెత్తు దాకా ఉంటుంది. చెయ్యెత్తితే చివరి కొమ్మ అందుతుంది, అది చాలు. రెండో ఏటి నుంచి అంత గట్టిగా కోయనక్కరలేదు. ఏటా అదే అదనులో, కిందటేటి కొమ్మను రెండు మూడు జతల కళ్లు ఉంచి తగ్గిస్తే సరిపోతుంది. నడుమెత్తే కావాలని పట్టుబడితే మెట్ల పక్కన డిసెంబరాలు నాటుకోండి. అవీ చలిలోనే పూస్తాయి, పొట్టిగానే ఉంటాయి. వాసన మాత్రం ఉండదు.

నేల గురించి పెద్దగా చెప్పను. మీవైపు ఎర్రనేల దీనికి సరిపోతుంది, వంశధార ఒండ్రు అయినా మంచిదే. నీరు నిలవకూడదు, అంతే. కొత్తగా కట్టిన ఇంటి ప్రహరీ పక్కన మట్టి కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు పూడ్చి ఉంటారు కదా, గునపంతో ఒకసారి గుచ్చి చూడండి. 'ఠంగు' మంటే పెళ్లలు ఏరించి మంచి మట్టి నింపించండి. కోత అయ్యాక ఒక గంపెడు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు ఎముకల పొడి. రజకు ముందు మరో అరగంప. ఏడాదికి ఇంతే. రోజుకు అయిదారు గంటలు ఎండ తగలకపోతే మాత్రం ఈ సలహాలేవీ పనికిరావు. గోడ నీడ మరీ ఎక్కువైతే, పక్కింటివాళ్లతో మాట్లాడుకుని గోడవైపు ఒక కొమ్మ ఎక్కువగా ఉంచుకోవడం మేలు. వాళ్లకు కొన్ని పూలు పోతే పోతాయి.

చెట్టు కింద ఏమీ నాటకండి. రాత్రి విచ్చిన పువ్వు తెల్లవారేసరికి రాలుతుంది, నేల మీద పడినా పూజకు పనికొచ్చే పువ్వు ఇదొక్కటే అని మన ఇళ్లలో నమ్మకం. అలికిన మట్టినేల మీద పడితే ఎండ ముదిరేదాకా తాజాగా ఉంటుంది. సిమెంటు గచ్చు మీద పడినది ఎండ తగలగానే ముడుచుకుపోతుంది. మట్టి జాగా లేకపోతే రాత్రి పడుకునేముందు పాత నూలుచీర ఒకటి కింద పరిచి ఉంచండి. తెల్లవారాక దాన్ని మూలలు పట్టి ఎత్తితే పూలన్నీ మధ్యకు వస్తాయి, నడుం వంచి ఏరే పని అత్తగారికి తప్పుతుంది. చీర మీద అక్కడక్కడా నారింజరంగు మరక పడుతుంది, మంచి చీర పరచకండి. ఆ కాడల రంగులో ఉన్నది కుంకుమపువ్వులో ఉన్న వర్ణకానికి దగ్గరి చుట్టమే. పూర్వం పట్టుకు ఈ కాడలతో కాషాయరంగు అద్దేవారు. ఎండకు త్వరగా వెలిసిపోయే రంగు కావడంతో అది పెద్ద పరిశ్రమ కాలేకపోయింది.

చీడల గొడవ తక్కువ. ఆకు ఉప్పుకాగితంలా గరగరలాడుతుంది, వెనకటికి కొయ్యను నునుపు చేయడానికి దీన్నే రుద్దేవారు. ఆ గరుకుకు మేకలు కూడా అంతగా నోరు పెట్టవు. గేటు తీసి ఉంచే ఇళ్లకు ఇది చిన్న లాభం కాదు. వానల్లో గొంగళి పురుగులు పడితే చిన్న చెట్టే కదా, పొద్దున్నే చీపురుపుల్లతో దులిపి సబ్బునీళ్లలో వేయండి. మరీ ఎక్కువైతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. మొగ్గలు విచ్చే రోజుల్లో మాత్రం వద్దు, పూజ పూలకు వేపనూనె కంపు అంటుకుంటుంది.

'పొట్టి పారిజాతం' జోలికి పోకండి. కొమ్మ నుంచి పెంచిన మొక్క చిన్న వయసులోనే, రెండడుగుల ఎత్తుకే పూస్తుంది. ఫొటోలో అది చూడముచ్చటగా ఉంటుంది. అంతమాత్రాన అది పొట్టి రకం అయిపోదు, నేలలో పెట్టి మూడేళ్లు వదిలేస్తే అదీ మీ గోడ దాటుతుంది. దానికి వందలు పోసి, రవాణాలో వాడిపోయిన మొక్కను అందుకోవడం కంటే మీ ఊరి నర్సరీలో దీని ఒడియా పేరుతో గంగశిఉళి అని అడగండి, మామూలు ధరకు ఇస్తారు. అసలు మీకు ఆ అవసరమే లేదు. మూడేళ్ల వేరున్న చెట్టు చేతిలో ఉండగా దాన్ని పీకి కొత్తది పెట్టడమంటే మూడేళ్లు వెనక్కి పోవడమే. మీవారి మాట సగమే ఒప్పు అన్నది అందుకు.

అత్తగారి మోకాళ్లకు ఆకు కషాయం పెడదామనే ఆలోచన మీకు వచ్చినా, ఎవరైనా చెప్పినా, వాడే మందుల గురించి వైద్యుడికి చెప్పి అడిగాకే పెట్టండి. తోటమాలిగా నా అభ్యంతరం వేరే ఉంది. వానాకాలంలో ఆకు దూస్తే పూత పోతుంది. పొరుగువాళ్లు ఆకుకు వస్తే, ఉగాది ముందు కోసిన కొమ్మల మీద ఇంకా మిగిలి ఉన్న ఆకులు ఇచ్చి పంపండి.

మీ చెల్లెలికి మొక్క మీ చెట్టు నుంచే ఇవ్వవచ్చు. ఇప్పుడు కోసిన కొమ్మలను కుండీలో గుచ్చి చూడాలని ముచ్చటపడకండి, ఈ ఎండలకు అవి వేరు పోయడం కష్టం. రథయాత్ర వెళ్లాక, కింద వాలిన ఒక రెమ్మను చూసుకుని, దాని మీద అంగుళం మేర తొక్క ఉంగరంలా తీసి, ఆ చోటు మట్టిలో ఉండేటట్టు వంచి పైన ఒక రాయి పెట్టండి. చివర మాత్రం పైకి లేచి ఉండాలి. ఇది కొమ్మను వంచడమే గానీ కోయడం కాదు కాబట్టి నా గడువుకు భంగం లేదు. వానల్లో ఆ గాయం దగ్గర వేరు పోస్తుంది. దీపావళికి నెమ్మదిగా లాగి చూడండి, బిగుసుకుని ఉంటే తల్లి నుంచి వేరు చేయవచ్చు. చెల్లెలు దాన్ని పదహారు, పద్దెనిమిది అంగుళాల కుండీలో, సగం మట్టి, పావు ఇసుక, పావు ఎరువుతో పెట్టుకోవాలి. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. రెండు మూడేళ్లకోసారి కోత అదనులోనే కుండీ దించి చుట్టలు చుట్టిన వేళ్లను కొంత తీసి కొత్త మట్టి వేయాలి. కోరాపుట్ పీఠభూమి మీద చలి మీకంటే ఎక్కువ రోజులు ఉంటుంది కాబట్టి సునాబేడలో శివరాత్రికే కత్తెర పట్టవద్దని చెప్పండి, ఉగాది దాటనివ్వాలి. మిగిలిన లెక్కంతా మీదే.